దండెం చూసుకుని తలస్నానం

"ఆడపిల్లవి, మూడు కత్తెరలు చాలమ్మా" అన్నాడు సింహాచలం కేశఖండనశాలలో కత్తి పట్టుకున్న పెద్దాయన. అమ్మ మొక్కుకున్నదీ అంతే. నాన్నకి గుండెలో స్టెంట్ వేసిన రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఆయన నడుచుకుంటూ ఇంటికొస్తే అమ్మాయి చేత మూడు కత్తెరలు ఇప్పిస్తానని అప్పన్నకి మొక్కేసింది. మొక్కు తనది, జుట్టు నాది. నాన్న నడుచుకుంటూనే ఇంటికొచ్చారు. 2021 ఫిబ్రవరిలో కొండెక్కాం. నేను ఆ పెద్దాయన ముందు కూర్చుని "మొత్తం తీసెయ్యండి" అన్నాను.

అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. కూతురి భక్తి అనుకుంది పాపం. భక్తి సగం. మిగతా సగం ఆ జుట్టు మీద నాకున్న విసుగు.

నాది రింగుల జుట్టు. అలల్లా జారే నొక్కుల జుట్టు కాదు. చూపుడువేలు దూర్చితే సరిపోయే రింగులు, మెడ దగ్గరైతే పెన్సిల్ పట్టేంతవి. ఆండ్రీ వాకర్ అనే అమెరికన్ హెయిర్ స్టయిలిస్ట్ జుట్టు రకాలకి అంకెలూ అక్షరాలూ పెట్టాడు. ఆ లెక్కన నాది మూడో రకం. విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో ఈ అంకెలు ఎవరికి తెలుసు? తోటి పిల్లలు "మ్యాగీ" అనేవాళ్లు, పెద్ద క్లాసు వాళ్లు "సాయిబాబా" అనేవాళ్లు. ఆదివారం అమ్మ కుంకుడుకాయలు కొట్టి తలంటేది. ఆరీ ఆరకముందే దువ్వెన పట్టుకుని కూర్చునేది. "ఏటే ఇది, జుట్టా పిచ్చిక గూడా?" అంటూ చిక్కు తీసి, గిన్నెడు నూనె పెట్టి, కనుబొమలు పైకి లేచేంత బిగువుగా రెండు జడలు వేసేది. జడ విప్పితే రేగుతుంది, కాబట్టి విప్పకూడదు. మా ఇంట్లో రింగుల జుట్టు శాస్త్రం మొత్తం ఇదే.

2017లో హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక, మొదటి రెండు జీతాల్లోంచి మిగిల్చిన డబ్బుతో రీబాండింగ్ చేయించుకున్నాను. అయిదు గంటలు కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి మందు వెంట్రుక లోపలి గంధకపు బంధాల్ని తెంపుతుంది. ఇస్త్రీ చేసి నిటారుగా లాగాక, రెండో మందు ఆ బంధాల్ని కొత్త ఆకారంలోనే మళ్లీ కలుపుతుంది. కుళ్లిన గుడ్డు వాసన. ఆ వాసన మూడు తలస్నానాల వరకూ పోలేదు. అయినా అద్దంలో చూసుకుంటే ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఆర్నెల్లు బాగుంది. కానీ మందు పనిచేసేది బయట ఉన్న వెంట్రుక మీదే, కుదురు మీద కాదు. కుదురులోంచి నెలకి సెంటీమీటరు పైచిలుకు చొప్పున అసలు జుట్టు వస్తూనే ఉంటుంది. పైన రింగులు, కింద చీపురు. మళ్లీ చేయించాను. మూడోసారికి దువ్వెన పెడితే పుల్లలు విరిగినట్టు విరగడం మొదలైంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి పార్లర్లు మూతపడి, ఇంటి నుంచి పనంటూ విశాఖ వచ్చేశాక, ఆ రెండు రకాల జుట్టు ఒకే తల మీద మోశాను. అందుకే ఆ రోజు అప్పన్నకి మొత్తం ఇచ్చేశాను. దేవుడికి విరిగిన జుట్టు ఇచ్చానన్న బెంగ కొంచెం ఉంది కానీ, ఆయన అనుకునేవాడు కాడు.

గుండు మీద మొదటి నెల వెల్వెట్ గుడ్డలా ఉండేది. మూడో నెలకి చిన్న చిన్న సున్నాలు కనబడ్డాయి. అప్పుడనుకున్నాను, దీన్ని ఈసారి పాడు చేయకూడదని.

అక్కడి నుంచి అందరూ చేసేదే చేశాను. ఫోన్ పట్టుకుని నెల రోజులు వీడియోలు చూశాను. సల్ఫేట్ ఉన్న షాంపూ వద్దు, సిలికాన్ ఉన్న కండీషనర్ వద్దు, అసలు షాంపూయే వద్దు, ఉత్త కండీషనర్‌తో కడుక్కో. తడి జుట్టు మీద లీవ్-ఇన్, అంటే రాసి కడగకుండా వదిలేసే కండీషనర్, దాని మీద క్రీము, దాని మీద జెల్. చెప్పినవాళ్లందరి మాటల్లోనూ ఒకటే మంత్రం: తేమ, తేమ, ఇంకా తేమ. రింగుల జుట్టుకి మాడు మీది నూనె మెలికలు దాటి కొసల దాకా పాకదు, అందుకే పొడిబారుతుంది, అందుకే తేమ కావాలి. ఈ మాట నిజమే. కానీ చెప్పేవాళ్ల వెనక కిటికీలోంచి చూస్తే మంచు కురుస్తోంది, గదిలో హీటరు తిరుగుతోంది. నా కిటికీలోంచి చూస్తే విశాఖ ఎంవీపీ కాలనీ, జూలై నెల. తలుపు చెక్కలు ఉబ్బి గడియ పడటం లేదు. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారుతోంది. ఈ ఊళ్లో తేమకి కరువా?

రెండు నెలలు శ్రద్ధగా షాంపూ మానేశాను. మొదట దురద, తరవాత పొట్టు, తరవాత తల దగ్గర ఒక రకమైన పులుపు వాసన. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడ పెద్ద దీపం పెట్టి చూసి, "నీ జుట్టు రింగులదా, సాఫుదా అన్నది మాడుకి అక్కర్లేదమ్మా. మాడు చర్మం. దాన్ని కడగాలి" అంది. తల మీద అందరికీ ఉండే మలసీజియా అనే బూజు జాతి జీవి మాడు మీది నూనెని తిని పెరుగుతుందట. తడీ నూనే ఎక్కువసేపు నిలవుంటే దానికి పండగే. కీటోకోనజోల్ షాంపూ రాసిచ్చి, వారానికి రెండుసార్లు, అయిదు నిమిషాలు ఉంచి కడగమంది. రాత్రంతా మాడుకి నూనె పట్టించి పడుకోవడం మానమంది. అమ్మకి ఈ చివరి మాట అస్సలు నచ్చలేదు. ఆ డాక్టరు మనూరి మనిషి కాదని తేల్చేసింది.

ఆవిడ అన్న "తడి నిలవుండటం" అనే మాట మాత్రం నా బుర్రలో ఉండిపోయింది. ఎందుకంటే నా అసలు బాధ అదే. పొద్దున ఏడింటికి తలస్నానం చేస్తే మధ్యాహ్నం భోజనానికి కూడా లోపలి పొరలు చెమ్మగానే ఉండేవి. ఈలోగా ఫ్యాను గాలి, కుర్చీ వీపు, ఇయర్‌ఫోన్ తీగ, ఊరికే రింగు లాగి వదిలే నా చెయ్యి. సాయంత్రానికి పైన పొగమబ్బు, లోపల చెమ్మ.

దీని వెనక సంగతి అర్థమయ్యాక చాలా చిక్కులు విడిపోయాయి. వెంట్రుకలో గంధకపు బంధాలు కాక, హైడ్రోజన్ బంధాలని ఇంకో రకం ఉంటాయి. ఇవి బలహీనమైనవి. నీళ్లు తగిలితే తెగుతాయి, ఆరితే మళ్లీ కట్టుకుంటాయి. ఎలా ఉండగా ఆరితే అలా కట్టుకుంటాయి. పదేసి వెంట్రుకలు ఒక గుత్తిగా చుట్టుకుని ఆరితే రింగు. మధ్యలో కదిలిస్తే ఏ వెంట్రుకకి ఆ వెంట్రుక విడిపోయి తన దారిన ఆరుతుంది. మనం రేగడం అంటున్నది దాన్నే. పొడి ఊళ్లో గంటలో ఆరుతుంది కాబట్టి ఆ గంట ఓపిక పడితే చాలు. ఇక్కడ ఆరు గంటలు తలని దేవుడి విగ్రహంలా పెట్టుకుని ఎవరు కూర్చుంటారు? పోనీ కూర్చుని ఆరబెట్టుకున్నా, బయటికి వెళ్లగానే గాలిలోని నీరు మళ్లీ వెంట్రుకలోకి దూరి కట్టుకున్నవాటిని సడలిస్తుంది.

అంటే నాకు కావాల్సింది తేమ కాదు. తొందరగా, కదలకుండా ఆరడం. ఆరాక నీరు మళ్లీ దూరకుండా ఏదో ఒక పొర. ఈ మాట ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేను వినిపించుకోలేదేమో.

రేగడాన్ని ఇంగ్లీషులో ఫ్రిజ్ అంటారు. ఇది మా ఇంట్లో పెద్ద గందరగోళానికి దారితీసింది. "ఇవాళ ఫ్రిజ్ మరీ ఎక్కువైంది" అని నేనంటే అమ్మ వెళ్లి మీట తగ్గించి వచ్చేది. పైగా నా జెల్ కూడా అందులోనే ఉండేది.

అది అవిసె గింజల జెల్. పూర్ణా మార్కెట్‌లో అరకిలో కొన్నాను. పావు కప్పు గింజలకి రెండు కప్పుల నీళ్లు పోసి సన్నటి మంట మీద గరిటె తిప్పుతూ ఉండాలి. పచ్చిగుడ్డు తెల్లసొనలా సాగుతుండగా దింపేసి, వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టాలి. చల్లారిందా, ఆ జిగురు గింజల్ని ఇక వదలదు. మొదటిసారి నేను ఫోన్ మాట్లాడుతూ వదిలేస్తే గిన్నెడు ముద్ద తయారైంది. సరిగా కుదిరాక చలికాలంలో చాలా బాగా పనిచేసింది. మెత్తగా, మెరుస్తూ, రింగు రింగు విడివిడిగా. వానాకాలంలో మాత్రం దాని పట్టు చాలలేదు. మధ్యాహ్నానికల్లా కరిగిపోయేది. కొంచెం ఎక్కువ రాస్తే ఎండి తెల్లటి పొట్టుగా భుజాల మీద రాలేది. చుండ్రు అనుకుని ఆఫీసులో ఒకావిడ జాలిపడి నాకు నిమ్మరసం చిట్కా చెప్పింది. ఒకసారి రెండు రోజులు కరెంటు వస్తూ పోతూ ఉంటే అది పులిసింది. నాన్న దాన్ని సగ్గుబియ్యం జావ అనుకుని మూత తీశారు. అక్కడితో ఇంట్లో జెల్ కాచడం బంద్.

బెండకాయ జిగురు కూడా చేశాను. ఏడెనిమిది కాయలు తరిగి ఉడకబెట్టి వడకడితే వస్తుంది. చిక్కు తీయడానికి దానంత జారుడు దేనికీ లేదు. అయితే "పులుసులోకి లేవు గానీ తలలోకి ఉన్నాయి బెండకాయలు" అని అమ్మ వారం రోజులు దెప్పింది. మందార ఆకు నూరి పెట్టడం మామ్మ కాలం నుంచీ ఉన్నదే. ఆ జిగురూ మంచిదే కానీ, సాఫు జుట్టులోంచి కడిగినట్టు రింగుల్లోంచి ఆకు తుక్కు పోదు. నూరి, పిండి, రసం మాత్రమే వాడాలి. మెంతుల ముద్దకీ ఇదే వర్తిస్తుంది. పైగా ఉక్కపోతలో చెమట పడితే ఆవకాయ జాడీ మూత తీసినట్టుంటుంది. కుంకుడుకాయ నాకు పడలేదు. మాడు శుభ్రమవుతుంది, నిజమే, కానీ కొసలు కొబ్బరి పీచులా తయారవుతాయి. సీకాయ కొంచెం మెత్తన. ఇంట్లో చేసినవన్నీ మంచివి, కొన్నవన్నీ విషం అనుకునే దశ నాకు ఆర్నెల్లు నడిచింది. ఇప్పుడు లేదు.

కొబ్బరినూనె విషయంలో మాత్రం అమ్మదే గెలుపు, సగం వరకూ. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం చిన్న అణువు కాబట్టి వెంట్రుక లోపలికి దిగుతుంది. పొద్దుతిరుగుడు నూనెతో, మినరల్ ఆయిల్‌తో పోల్చి చూస్తే కొబ్బరినూనె ఒక్కటే వెంట్రుకలోని ప్రొటీన్ పోకుండా బాగా ఆపిందని 2003లో ఒక పరిశోధన వచ్చింది. చేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీ వాళ్లే అనుకోండి, అయినా నా అనుభవం దానికి ఎదురు చెప్పడం లేదు. తలస్నానానికి గంట ముందు, మాడుకి కాకుండా పొడవుకీ కొసలకీ, చెంచాడు నూనె. అంతే. ఆరాక పైన రాస్తే వీధిలో దుమ్మంతా మనదే.

ఇక డ్యూ పాయింట్ పిచ్చి. రింగుల జుట్టు వాళ్లు చాలామంది వాతావరణం యాప్‌లో తేమ శాతం కాక డ్యూ పాయింట్ చూస్తారు. గాలి ఎన్ని డిగ్రీలకి చల్లబడితే అందులోని నీరు మంచుబొట్లవుతుందో ఆ అంకె అది. గాలిలో నీరు నిజంగా ఎంతుందో చెబుతుంది. మే నెల మధ్యాహ్నం 33 డిగ్రీలూ 70 శాతం తేమా ఉంటే డ్యూ పాయింట్ దాదాపు 27. జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీలూ 90 శాతం ఉంటే దాదాపు 16. అది 16 దాటితే గ్లిసరిన్ ఉన్నవి వాడొద్దని అంటారు. గ్లిసరిన్ గాలిలోని నీటిని లాక్కుంటుంది కాబట్టి జుట్టు ఉబ్బుతుందని. ఇది నా విషయంలో నిజమైంది. నేను మురిపెంగా కొనుక్కున్న లీవ్-ఇన్ సీసా వెనక చూస్తే నీళ్ల తరవాత రెండో పేరు గ్లిసరినే. ఆ పేర్లు ఎక్కువ పాళ్లున్నది ముందు వచ్చేలా రాస్తారు. అంటే నేను వేసవంతా తలకి గ్లిసరిన్ పట్టించి బీచ్ రోడ్డు మీద తిరిగానన్నమాట.

ఒక నోటు పుస్తకం పెట్టి నాలుగు నెలలు రాశాను. తేదీ, డ్యూ పాయింట్, ఏం రాశాను, ఎప్పటికి ఆరింది, సాయంత్రానికి ఎలా ఉంది. లెక్క ప్రకారం జనవరిలో అద్భుతంగా ఉండాలి. కానీ పొద్దున్నే తల తడిపితే పదకొండైనా ఆరేది కాదు. మే నెలలో డ్యూ పాయింట్ 27 ఉన్నప్పుడే మిట్టమధ్యాహ్నం తొందరగా ఆరేది. లెక్క తప్పుతోందేమిటని నేను పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, మేడ మీద నుంచి బట్టలు తెస్తున్న అమ్మ అంది: "దానికి ఫోనెందుకే? దండెం చూడు. తువ్వాల ఆరిందా, నీ తలా ఆరుతాది."

నవ్వాను. తరవాత నవ్వు ఆగిపోయింది. డ్యూ పాయింట్ చెప్పేది గాలి ఇప్పటికే ఎంత నీరు తాగి ఉందో. జుట్టు ఆరాలంటే తెలియాల్సింది గాలి ఇంకా ఎంత తాగగలదో. అది దండేనికి తెలుసు. ఎండా గాలీ ఉన్న మే నెలలో తువ్వాలు గంటన్నరలో కరకరలాడుతుంది. ముసురు పట్టిన ఆగస్టులో రెండు రోజులు వేలాడినా చల్లగా తగులుతుంది, వాసనేస్తుంది. ఆ వాసనే నా మాడుదీనూ.

అప్పటి నుంచి నా పద్ధతి దండెం పద్ధతి. తువ్వాలు పూట లోపల ఆరే రోజుల్లో తలస్నానం పది గంటలకి, ఎండ ఎక్కాక. ఆరని రోజుల్లో అయితే వాయిదా. వాయిదా కుదరకపోతే డిఫ్యూజర్. హెయిర్ డ్రయర్ మూతికి తగిలించే వెడల్పాటి గిన్నె అది, చిల్లుల్లోంచి గాలి చెదిరి వస్తుంది కాబట్టి రింగులు ఎగరవు. తక్కువ వేడి మీద, తల ఒక పక్కకి వాల్చి, గుత్తిని గిన్నెలో కూర్చోబెట్టి పైకి ఆన్చి పట్టుకోవాలి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ముప్పావు వంతు ఆరితే చాలు, మిగతాది దానంతటదే.

తలస్నానంలోనూ అంతా తగ్గించాను. షాంపూ మాడుకి మాత్రమే. నురగ కిందికి జారుతూ పొడవుని ఎలాగూ కడుగుతుంది. కండీషనర్ రాసి, అది తల మీద ఉండగానే, ముందు వేళ్లతో, తరవాత పళ్లు ఎడంగా ఉన్న చెక్క దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీస్తాను. పొడి జుట్టుకి దువ్వెన తగలదు, ఎప్పుడూ. మా అపార్టుమెంటు బోరు నీళ్లు కుళాయిలకి తెల్లటి పెచ్చులు కట్టిస్తాయి. కాబట్టి ఆఖరి రెండు చెంబులు మాత్రం మునిసిపాలిటీ నీళ్లు, బకెట్లో పట్టి ఉంచుకున్నవి. నీళ్లు కారుతుండగానే జెల్. లీవ్-ఇన్ లేదు, క్రీము లేదు. గ్లిసరిన్ లేని, గట్టి పట్టు ఉండే జెల్ ఒక్కటే, ఉసిరికాయంత. అరచేతుల్లో రాసుకుని, గుత్తుల్ని కింద నుంచి పైకి పిడికిట్లో నొక్కుతూ పోవాలి. తరవాత తువ్వాలు కాదు, పాత నూలు గుడ్డ. తువ్వాలు పోగులు రింగుల్ని చీలుస్తాయి. నాన్న నూలు లుంగీ ఒకటి మెత్తబడి సరిగ్గా తయారైంది, తీసేసుకున్నాను. "నా గళ్ల లుంగీ ఏదే?" అని నాన్న ఇంకా అప్పుడప్పుడూ అడుగుతుంటారు.

ఆరాక జెల్ గట్టిపడి గంజి పెట్టిన చీరలా ఉంటుంది. మొదటిసారి భయపడి కడిగేసుకున్నాను. కడగకూడదు. పూర్తిగా ఆరే దాకా ఉండి, రెండు చుక్కల నూనె చేతికి రాసుకుని నలిపితే ఆ పెళుసు పోయి రింగు మిగులుతుంది. ఆ పెళుసే బయటి తేమకి అడ్డం. అందుకే వానాకాలంలో సగమే నలుపుతాను.

జుట్టు కత్తిరింపు గురించి ఒక్క మాట. పెరిగిన రెండేళ్లకి కొసలు సరిచేయిద్దామని ఒక పార్లరుకి వెళ్లి రెండంగుళాలు తీయమన్నాను. ఆ అమ్మాయి తడిపి, సాఫుగా లాగి పట్టుకుని రెండంగుళాలే తీసింది, అబద్ధం లేదు. ఆరాక చూస్తే అది చెవుల దాకా ఎక్కి కూర్చుంది. తడిలో వీపు మీదికొచ్చే రింగు ఆరితే భుజం దగ్గర ఆగుతుంది. అప్పటి నుంచి పొడిగా ఉన్నప్పుడే, ఏ రింగుకి ఆ రింగు చూసుకుని నేనే కత్తిరించుకుంటున్నాను. వెనక వైపు వంకర. ఎవరికీ తెలియదు, రింగుల జుట్టుకి ఉన్న గొప్ప సుగుణం అదే.

ఆఫీసు రుషికొండలో. స్కూటీ మీద బీచ్ రోడ్డు, ఉప్పు గాలి, పైన హెల్మెట్. ఇంత కష్టపడీ హెల్మెట్ కింద పెడితే పదిహేను నిమిషాల్లో దోసె. హెల్మెట్ మానడం కుదరదు కాబట్టి లోపల శాటిన్ గుడ్డ కట్టుకుంటాను. దిగాక తల కిందికి వంచి వేళ్లతో కుదుళ్లు కదిపితే కాస్త లేస్తుంది. రాత్రిపూట నడినెత్తిన వదులుగా ముడి, శాటిన్ గలీబు. "ఆ కొప్పేటే, గుడి గోపురంలాగ" అని అమ్మ.

అన్ని రోజులూ ఈ పద్ధతి గెలవదు. 2023 జూలై మొదట్లో సింహాచలం గిరిప్రదక్షిణకి అమ్మతో వెళ్లాను. కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, రాత్రంతా నడక. జుట్టు బాగా కుదిరిందన్న పొగరుతో వదిలేసుకుని బయల్దేరాను. హనుమంతవాక దాటేసరికి చెమటకి కుదుళ్లు తడిసిపోయాయి. అప్పూఘర్ దగ్గర సముద్రపు గాలి తగిలి పైపొర లేచింది. మాధవధార వచ్చేసరికి నా తల గొడుగు. పక్కన అమ్మ, నూనె రాసిన బిగుతు జడతో, ఒక్క వెంట్రుక చెదరకుండా, చేతిలో నీళ్ల సీసా పట్టుకుని నడుస్తోంది. మజ్జిగ పంచుతున్న చోట మెట్టు మీద కూర్చోబెట్టి నాకు జడ వేసింది. ఇలాంటి రోజున జడని మించింది లేదు. రింగుల్ని దాచుకోవడం ఆత్మగౌరవానికి తక్కువనే మాటలు చాలా విన్నాను. ఉక్కపోతలో 32 కిలోమీటర్లు నడిచాక ఆ మాటలు అనమనండి.

ఇదే తలతో మార్చిలో హైదరాబాద్ పెళ్లికి వెళ్తే సంగతి తలకిందులు. అరగంటలో ఆరింది, ఆరాక గడ్డి. నా జెల్ అక్కడ పనికిరాలేదు. పక్కన పడేసిన ఆ గ్లిసరిన్ లీవ్-ఇన్ ఉంటే బాగుండేదనిపించింది. ఇప్పుడు ఊరెళ్తే అక్కడి కోసం ఒక చిన్న సీసాలో అది పోసుకెళ్తాను. డిసెంబర్ అరకులో పొద్దున పొగమంచు, మధ్యాహ్నం పొడి ఎండ. అక్కడికి ఉన్నిటోపీ చాలు, ప్రయోగాలు అనవసరం.

గిరిప్రదక్షిణకి వెళ్లిన ఆ 2023 డిసెంబర్‌లోనే మిగ్‌జాం తుపాను వచ్చింది. తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా, మా దగ్గరా ఆగని వాన. నాకు మాడు దురద మొదలై తలస్నానం వాయిదా వేయలేని పరిస్థితి. షాంపూ పెట్టి బయటికొచ్చేసరికి కరెంటు పోయింది. డిఫ్యూజర్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అమ్మ ఏమీ అనకుండా అటక మీద నుంచి మామ్మ కాలం నాటి వెదురు బుట్ట దించింది. మట్టి మూకుడులో బొగ్గులు రాజేసి, సాంబ్రాణి చల్లి, దాని మీద బుట్ట బోర్లించింది. నేను చాప మీద పడుకుంటే నా జుట్టు ఆ బుట్ట మీద పరిచింది. చిన్నప్పుడు చేసేవాళ్లు ఇలా. పొగ వాసన కోసమే అనుకునేదాన్ని. కింద నుంచి సన్నటి వెచ్చదనం, బుట్ట అల్లికలోంచి చెదిరి వస్తోంది. గాలి తోపు లేదు, ఏ రింగూ కదలడం లేదు. పడుకున్న మనిషి తల కదిపే పని కూడా లేదు. నేను రెండు వేలు పెట్టి కొన్న గిన్నె చేసే పని ఇదే కదా అనిపించింది. ముప్పావు గంట పట్టింది. ఒక్క కిటికీ తెరిచి ఉంచాం, లేకపోతే ఆ పొగకి ఊపిరాడదు.

నా తరవాత అమ్మ కూడా తలంటుకుని వచ్చి అదే చాప మీద పడుకుంది. నూనె లేని, జడ లేని అమ్మ తలని నేను సరిగా చూసింది అదే మొదటిసారి అనుకుంటాను. కణతల దగ్గర నెరిసిన వెంట్రుకలు ఆరుతూ ఆరుతూ చుట్టుకుంటున్నాయి. నాలాగే మెడ దగ్గర మరీ బిగువుగా, పెన్సిల్ రింగులు. "అమ్మా, నీదీ రింగులే కదే" అన్నాను. "తెలుసు" అంది కళ్లు తెరవకుండానే. "మా అమ్మదీ అంతే. అందుకే కదా నూనె."

ఇప్పుడు నా జుట్టు పొడిగా ఉంటే భుజాలు దాటుతుంది. నెలకి ఒక జెల్ సీసా, వారానికి రెండు షాంపూలు, ఉసిరికాయంత ఓపిక. బయట మూడో రోజు ముసురు. అల్పపీడనం ఇంకా బలపడుతుందని చెబుతున్నారు. నిన్న మధ్యాహ్నం వేసిన తువ్వాలు ఇందాకే తాకి చూశాను, చల్లగానే ఉంది. జడ వేసుకుని ఆఫీసుకి పోతున్నాను. తలస్నానం ఎల్లుండికి.